పెద్ద లీగులో ఒక్క ఔట్

వదిన తెరెజ్ అవతల ఫోను పెట్టేసినా ఇలోనా రిసీవరు చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"బుధవారం ఫోనెవరు తీశారు?" అని అడిగింది.

డేల్ తల ఎత్తలేదు. గుడ్ల మీద మిరియాల పొడి చల్లుకుంటున్నాడు. కూతురు లియా కాఫీ కప్పును పెదవుల దాకా తెచ్చి, అక్కడే ఆపి తండ్రి వైపు చూసింది.

"నిన్నే, డేల్."

"నేనే తీశాను."

"అన్నయ్యేనా చేసింది?"

"ఆఁ."

ఇలోనా రిసీవరు నెమ్మదిగా పెట్టేసింది. తెరెజ్‌కు పాపం ఏమీ తెలియదు. రేపు సియాటిల్లో ఆట కదా, అన్నాచెల్లెళ్ళు ఏ గేటు దగ్గర కలుసుకుంటున్నారు అని మామూలుగా అడిగింది. ఆండీని డెట్రాయిట్ వాళ్ళు తమ పెద్ద బేస్‌బాల్ జట్టులోకి తీసుకున్నారనీ, జట్టుతోపాటు సియాటిల్ వచ్చాడనీ, కొడుకు ఆట చూడ్డానికి ఇలోనా అన్న గేబ్ విమానమెక్కి వెళ్ళాడనీ ఇలోనాకు తెలిసే ఉంటుందనుకుంది. "బుధవారమే మీ ఆయనతో చెప్పాడుగా" అంది.

ఆండీ పెద్ద లీగుకు కింది మెట్లైన చిన్న లీగుల్లో ఏ ఊళ్ళో ఆడినా ఇలోనాకు తెలిసేది. లేక్‌లాండ్‌లో ఎండకు సొమ్మసిల్లి పడిపోవడం తెలుసు. గ్లెన్స్ ఫాల్స్‌లో చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే ఆడి గెలవడం తెలుసు. ఇన్నేళ్ళూ ఎదురుచూసిన ఆ ఒక్క కబురు మాత్రం మూడు రోజులుగా తన ఇంట్లోనే ఉండి కూడా తన దాకా రాలేదు.

"నువ్వు కోతలో ఉన్నావని చెప్పాను" అన్నాడు డేల్.

"అది పొద్దున. సాయంత్రం ఇంట్లోనే ఉన్నాను. మర్నాడు ఉన్నాను. నిన్న రాత్రి నీ పక్కనే కూర్చుని బఠానీలు ఒలిచాను."

డేల్ రొట్టె ముక్క తుంచుకున్నాడు.

"ఇంకేమన్నాడు?"

"అది అతన్నే అడుగు."

డేల్ కిటికీలోంచి కాలవ పక్కనున్న చెట్ల వైపు చూస్తూ, "రేపు వాన అంటున్నారు" అన్నాడు.

లియా కప్పు దించేసింది. చెర్రీలు పక్వానికి వచ్చాక వాన పడితే కాయ పగులుతుంది. తాముండే యాకిమాలో పుట్టిన పసిపిల్లకైనా ఆ సంగతి తెలుసు. కాలవ పక్క చెట్లు మొత్తం రేపు వాన దిగేలోపే కోసెయ్యాలి. కాయలు ఏరే షెడ్డు ఇలోనా చూసుకుంటేనే సాగుతుంది. కానీ ఆ మాట ఇలోనాకు ఇంకోలా వినపడింది. ఎనిమిదేళ్ళ క్రితం ఇదే బల్ల దగ్గర డేల్ "రాత్రికి మంచు పడుతుందంటున్నారు" అన్నాడు.

అప్పుడు ఏప్రిల్. చెట్ల నిండా పూత. టొలీడోలో తండ్రి పోయాడని గేబ్ ఫోను చేశాడు. పూత మాడకుండా చెట్ల మధ్య నూనె కుంపట్లు వెలిగించి తెల్లవార్లూ కాపలా కాయాలి. మనుషులు చాల్లేదు. ఈ ఒక్క వారం ఉండమని డేల్ బతిమాలాడు. ఇలోనా ఉండిపోయింది. సగం పూత ఎలాగూ మాడిపోయింది. తండ్రి సమాధి మీద మట్టి వేసి వచ్చిన గేబ్ ఫోను చేసి, "నీ చెట్లతోనే ఉండు ఇల్కా" అని, చిన్నప్పటి ముద్దుపేరుతోనే దెప్పి పెట్టేశాడు. తర్వాత మళ్ళీ చెయ్యలేదు. తనూ చెయ్యలేదు.

"అప్పుడు ఉండమన్నావు, ఉన్నాను" అంది ఇలోనా. "ఈసారి అడక్కు."

"అడగడం లేదు."

"మరి ఫోను సంగతి ఎందుకు దాచావు?"

డేల్ ఫోర్కు పళ్ళెంలో పెట్టాడు. మనిషి ఎక్కువ మాట్లాడే రకం కాదు. ముప్ఫై ఏళ్ళ క్రితం జీపు కార్ల ఫ్యాక్టరీలో పనికని టొలీడో వచ్చినప్పుడూ అంతే; ఇలోనాను పెళ్ళి చేసుకుంటానని అడగడానికి రెండేళ్ళు పట్టింది.

"ఆదివారాలు ఫోను చెవి దగ్గర పెట్టుకుని కూర్చునేదానివి కదా" అన్నాడు. "అప్పుడు నీ మొహం చూసేవాణ్ణి నేను. ఆ మొహం ఈ ఇంట్లో ఇంకెప్పుడూ చూడలేదు. మీ నాన్న పోయినప్పుడు, నువ్వు వెళ్తే మళ్ళీ రావేమో అనుకున్నాను. బుధవారం కూడా అదే అనుకున్నాను."

ఇలోనా కోపం చల్లారలేదు, కానీ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆ రోజంతా ఇద్దరూ పనివాళ్ళతో మాట్లాడారు గాని ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

*

ఆ ఆదివారాల సంగతి లియాకు లీలగా గుర్తుంది.

చర్చి నుంచి రాగానే అమ్మ ఫోను పక్కన కుర్చీ వేసుకునేది. అక్కడ టొలీడోలో మధ్యాహ్నం ఆట మొదలయ్యేది. మామయ్య ఫోను చేసి, ఒక్క ముక్క మాట్లాడకుండా, రిసీవరు తీసుకెళ్ళి రేడియో ముందు పెట్టేవాడు. ఒక్క ఇన్నింగ్స్ అయ్యేదాకా. దూరపు ఫోను మరి, అంతకంటే ఎక్కువసేపంటే కష్టం.

ఇలోనా విన్నది ఆట ఒక్కటే కాదు. వెనకాల తెరెజ్ గిన్నెలు కడిగే చప్పుడు వినేది. వీధిలో ఐస్‌క్రీం బండి గంట, కర్మాగారం పొగ పీల్చి పీల్చి తండ్రికి పట్టుకున్న దగ్గు, బంతి వదిలేసిన ఆటగాణ్ణి ఆయన హంగేరియన్‌లో తిట్టే తిట్లు, అన్నీ వినేది. రెండు వేల మైళ్ళ అవతలి ఇల్లు ఆ కాసేపూ చెవిలో పట్టేది.

ఆ తండ్రి చేతులు పట్టుకునే అన్నాచెల్లెళ్ళిద్దరూ చిన్నప్పుడు ఊళ్ళోని పాత మైదానానికి వెళ్ళేవారు. తర్వాత దాన్ని పడగొట్టి అంగళ్ళు కట్టారు. ఆయన సంచిలో రొట్టె, నిప్పుల మీద కాల్చిన పందికొవ్వు, ఉల్లిపాయలు ఉండేవి. రైలెక్కితే గంటలో డెట్రాయిట్. పెద్ద లీగు ఆట చూపించమని గేబ్ గోల చేసేవాడు. "అక్కడ అందరూ పెద్ద ఆటగాళ్ళు అయిపోయినవాళ్ళే ఉంటారు. ఇక్కడైతే ఇంకా అవుతున్నవాళ్ళని చూడొచ్చు" అనేవాడు తండ్రి.

గేబ్ కూడా కొన్నాళ్ళు అలా అవుతూ ఉన్నవాడే. చిన్న లీగుల్లో బంతి విసిరాడు, ఊరూరా బస్సుల్లో తిరిగాడు. ఒక సెప్టెంబరులో పెద్ద జట్టు నుంచి పిలుపు వస్తుందనుకున్న వారంలోనే మోచెయ్యి దెబ్బతింది. తర్వాత తండ్రి పనిచేసిన కర్మాగారంలోనే చేరాడు.

అన్న ఫోను ఆగిపోయాక ఇలోనా ఆటల పత్రిక ఒకటి తెప్పించుకోవడం మొదలుపెట్టింది. ప్రతి గురువారం పోస్టులో వచ్చేది. చిన్న లీగుల స్కోర్లు వెనక పేజీల్లో, భూతద్దం పెట్టుకుంటే తప్ప కనపడనంత సన్న అక్షరాల్లో ఉండేవి. అవీ వారం పాతవి. టొలీడో జట్టు గెలిచిందని ఆమె సంతోషపడేసరికి అక్కడ వాళ్ళు మళ్ళీ ఓడిపోయి ఉండేవారు. ఆ పేజీలో ఒకరోజు లేక్‌లాండ్ జట్టు కింద "మోల్నార్" అన్న తన పుట్టింటి పేరు కనపడింది. టొలీడోలో తను చివరిసారి చూసినప్పుడు మేనల్లుడికి ముందు పళ్ళు ఊడి ఉన్నాయి.

అప్పట్నుంచి ఆమె గురువారాలు వేరే అయిపోయాయి.

*

ఆదివారం పొద్దున కారు కడిగి ఉంది. పెట్రోలు నింపి ఉంది. డేల్ మాత్రం తోటలోంచి రాలేదు. లియా హారన్ కొట్టబోతే ఇలోనా వద్దంది.

సియాటిల్ స్టేడియం పైన కాంక్రీటు కప్పు. లోపల పగలో రాత్రో తెలియదు. అప్పటికే గేబ్ వచ్చి కూర్చున్నాడు. జుట్టు తెల్లబడింది, మెడ సన్నబడింది. ఇలోనా దగ్గరికి వెళ్ళేటప్పటికి ఏమనాలో దారంతా అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

గేబ్ పైకప్పు చూపించి, "ఆకాశం లేని చోట బేస్‌బాల్ ఏమిటి?" అన్నాడు. కిందటి ఆదివారమే మాట్లాడుకున్నట్టు అన్నాడు.

"ఇక్కడ వానలెక్కువ" అంది ఇలోనా.

పక్కపక్కనే కూర్చోలేదు. మధ్యలో ఒక కుర్చీ వదిలారు. అందులో తెరెజ్ పంపిన అక్రోటు రొట్టె పొట్లం పెట్టాడు గేబ్. లియా ఇద్దరినీ చూసి, వేరుశనక్కాయలు తెస్తానని వెళ్ళి చాలాసేపు రాలేదు.

డెట్రాయిట్ వాళ్ళ అదనపు పిచర్లు, అంటే బంతి విసిరేవాళ్ళు, మైదానం అంచున బల్ల మీద వరసగా కూర్చున్నారు. చివర్లో ఉన్న పొడుగాటివాడు ఆండీ అని గేబ్ చెప్పాడు. పెద్ద జట్టులోకి వచ్చినప్పట్నుంచీ అలా కూర్చునే ఉన్నాడట, ఇంకా ఒక్క బంతి కూడా విసరలేదట. ఇలోనా టొలీడో జట్టు గురించి అడిగింది. ఈ ఏడు వాళ్ళ షార్ట్‌స్టాప్ బంతులు బాగా ఆపుతున్నాడటగా అంది. గేబ్ వింతగా చూశాడు.

"నీకెలా తెలుసు?"

"పత్రికలో చదువుతాను. వారం ఆలస్యంగా."

"నేను చదవను. నాన్న పోయాక మైదానానికి కూడా వెళ్ళలేదు. ఆండీ టొలీడోకి వచ్చాకే మళ్ళీ వెళ్ళాను."

అన్న అక్కడ తను లేకుండా ప్రతి ఆదివారం రేడియో ముందు కూర్చుని వింటున్నాడని ఇన్నేళ్ళూ ఇలోనా ఉడుక్కుంది. ఆ రేడియో కూడా మూగబోయే ఉందని తనకెలా తెలుస్తుంది? ఇద్దరూ రొట్టె తుంపుకుని తిన్నారు.

ఎనిమిదో ఇన్నింగ్స్‌కు డెట్రాయిట్ పని అయిపోయింది. గెలిచే ఆశ లేదు కాబట్టి కొత్తవాణ్ణి పంపారు. ఆండీ మెల్లగా పరుగెత్తుకుంటూ మధ్యకు వచ్చాడు. గేబ్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఇన్నేళ్ళూ అంకెల్లో చూసిన కుర్రాణ్ణి, వాడు పెద్దయ్యాక మొదటిసారి ఇలోనా కళ్ళారా చూసింది. ఎడమ మోకాలు ఛాతీ దాకా ఎత్తి, నాలుక పెదవి మూలకు తెచ్చి విసిరాడు. అచ్చం గేబ్. యౌవనంలో ఉన్న అన్నను మళ్ళీ అంత దూరాన నిలబెట్టినట్టుంది.

మొదటివాడికి నాలుగు బంతులూ బయటే వేశాడు. వాడు ఊరికే నడిచి మొదటి బేస్ చేరాడు. రెండోవాడు గోడ దాకా కొట్టాడు. మూడోవాడు కొట్టిన బంతి జనంలో పడింది. వెనక వరసలో ఎవరో నవ్వారు. గేబ్ వెనక్కి తిరగలేదు. నాలుగోవాడు ఎద్దులాంటి మనిషి, ఆ జట్టుకంతటికీ పేరున్న బ్యాటరు. వాడు రెండు బంతులు తప్పాక ఆండీ నిదానంగా వంగే మూడో బంతి వేశాడు. వాడు గాలిని కొట్టి ఒంటి మోకాలి మీద పడ్డాడు. ఔట్.

అయిదోవాడు మళ్ళీ కొట్టాడు. మేనేజరు నడిచి వచ్చి చెయ్యి చాపాడు. ఆండీ బంతి ఆ చేతిలో పెట్టి, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయాడు.

"అంతే" అన్నాడు గేబ్. టోపీ మళ్ళీ పెట్టుకుని, "నాకు ఆ ఒక్కటి కూడా దక్కలేదు ఇల్కా" అన్నాడు.

ఇలోనా పొట్లం తీసి ఒళ్ళో పెట్టుకుని, మధ్య కుర్చీలోకి జరిగింది.

*

ఆటగాళ్ళు బయటికి వచ్చే గేటు దగ్గర ముగ్గురూ నిలబడ్డారు. ఆండీ తల తడిగా, భుజాన బ్యాగుతో వచ్చాడు. తండ్రిని చూసి తలూపాడు. తర్వాత ఇలోనా మొహంలోకి చూశాడు.

"ఇలోనా అత్తవా?"

"గ్లెన్స్ ఫాల్స్‌లో ఆ చలి ఆట, వేళ్ళు కదల్లేదని రాశారు పత్రికలో" అంది ఇలోనా. ఎందుకు ముందు ఆ మాటే వచ్చిందో తనకే తెలియదు. "అయినా గెలిచావు."

"అది చూడ్డానికి యాభైమంది కూడా రాలేదత్తా" అన్నాడు ఆండీ.

లోపల వాళ్ళు ఏం చెప్పారని గేబ్ అడిగాడు. టొలీడో చిన్న జట్టుకి తిరిగి వెళ్ళమన్నారని, పొద్దున్నే విమానమని ఆండీ చెప్పాడు. గేబ్ అది ముందే ఊహించినట్టు తలూపి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదన్నాడు. బంతి వదలకముందే భుజం తెరుచుకుంటోందన్నాడు, ఆ వంపు బంతి ఒక్కటి చాలన్నాడు, ఆగస్టులో మళ్ళీ పిలుస్తారన్నాడు. రోడ్డు మీదే చెయ్యెత్తి భుజం ఎలా ఆపాలో చూపించబోయాడు.

"నాన్నా, నేను వెళ్ళడం లేదు."

గేబ్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"టొలీడో వెళ్ళను. ఇంకెక్కడికీ వెళ్ళను. ఆరేళ్ళు బస్సుల్లోనే నిద్రపోయాను. ఇవాళ్టి కోసమే కదా? ఇవాళ వచ్చింది, అయిపోయింది. ఆ ఒక్క ఔటూ నాకు చాలు. నీకు చాలకపోతే నేనేం చెయ్యలేను."

"ఒక్క ఆట పోతే మానేస్తారా ఎవరైనా?"

"నేను మానేస్తున్నాను."

అరవలేదు. ఏడవలేదు. ఎంతో కాలం కిందటే అనుకున్న మాట ఇప్పుడు చెబుతున్నట్టుంది. తర్వాత ఇలోనా వైపు తిరిగి, తోటలో కోతలు జరుగుతున్నాయటగా అని అడిగాడు. లియా చెప్పినట్టుంది. "ఏదో ఒక పని ఇవ్వత్తా. కొన్నాళ్ళు. ఎవరూ స్కోరు రాయని పని."

సరేనంటే ఇలోనాకు అన్న మళ్ళీ దూరమవుతాడు. ఇన్నేళ్ళకు ఒక మధ్యాహ్నం పక్కన కూర్చున్నాడు, అంతే. అది ఒక్కటే కాదు. వెళ్ళు, మళ్ళీ ప్రయత్నించు అని తనకే చెప్పాలనుంది. ఆ పేరు లేకపోతే ఆ సన్న అక్షరాల పేజీలో తనకు ఇంకేం మిగులుతుంది? గేబ్ ఒక్కడే కాదు, తను కూడా ఈ కుర్రాడి భుజం మీద కూర్చునే ఉంది. ఆ సంగతి ఇప్పుడే తెలిసింది.

లియా కారు డిక్కీ తెరిచింది. ఆండీ బ్యాగు అందులో పెట్టాడు.

"ఇల్కా" అన్నాడు గేబ్. "ఆ బ్యాగు దించు."

చిన్నప్పట్నుంచీ అన్న చెప్పింది కాదని ఎరగదు ఇలోనా. అతను ఫోను పెట్టేస్తే తిరిగి చెయ్యలేదు. మాట్లాడకపోతే తనూ మాట్లాడలేదు.

"దించను అన్నయ్యా."

"వాడి బతుకు పాడుచేస్తున్నావు."

"కావచ్చు. నాన్న పోయినప్పుడు నేను రాలేదు. రమ్మని నువ్వు రెండోసారి అడగలేదు. వీడు నన్ను అడుగుతున్నాడు."

గేబ్ చాలాసేపు నిలబడ్డాడు. అతని వెనకాల స్టేడియంలోంచి జనం వస్తూనే ఉన్నారు, పిల్లలు ఆటగాళ్ళ సంతకాల కోసం ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నారు. ఆండీ దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు. గేబ్ అది చూశాడు. తర్వాత కారు చుట్టూ తిరిగి వచ్చి, ముందు తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నాడు. ఎక్కడికని అడగలేదు.

ఇలోనా నడుపుతుంటే కారు కొండలు దాటింది. వెనక సీట్లో ఆండీ నోరు తెరుచుకుని నిద్రపోయాడు. లియా భుజం మీద వాలిపోతే ఆ పిల్ల కదలకుండా కూర్చుంది. యాకిమా లోయలోకి దిగేటప్పుడు రోడ్డు తడిగా కనపడింది. వాన పడి వెలిసింది. ఇలోనా కాలవ పక్క చెట్ల గురించి ఆలోచించడం మానుకోవడానికి గట్టిగా ప్రయత్నించింది.

"బుధవారం నేను ఏమన్నానో డేల్ చెప్పాడా?" అన్నాడు గేబ్.

"నిన్నే అడగమన్నాడు."

గేబ్ కిటికీలోంచి బయటికి చూశాడు. "'మా నాన్నను సాగనంపడానికి నా చెల్లెల్ని పంపని ఇంటి గుమ్మం ఎక్కను, దాన్ని మాత్రం ఆటకు పంపించు' అన్నాను. ఎక్కొద్దులే అన్నాడు." తర్వాత అడిగాడు: "రానిస్తాడంటావా?"

"నాకు తెలీదు" అంది ఇలోనా.

కారు తోట దారిలోకి తిరిగింది. ఇంకా వెలుతురుంది. డేల్ వరండాలో, తడి చొక్కాతో నిలబడి ఉన్నాడు. కారు చూడగానే అతని మొహం విచ్చుకుంది. ఆ మొహం ఇలోనా చాలా ఏళ్ళుగా చూడలేదు. తర్వాత అతనికి ముందు సీట్లో, ఇలోనా పక్కన కూర్చున్న గేబ్ కనపడ్డాడు.

డేల్ ఒక మెట్టు దిగి, ఆగిపోయాడు.